మీ పాటల పీరియడ్ లాక్కున్నది నేనే

ఒంగోలు

చిరంజీవులైన ఏడో తరగతి పిల్లలకు,

మీ బడిలో ఒకప్పుడు లెక్కలు చెప్పిన తాతయ్య ఆశీస్సులు.

ఆగస్టు 15న జెండా వందనానికి వచ్చినప్పుడు మీలో ఒక అమ్మాయి నన్ను అడిగింది. "తాతయ్యా, టైమ్‌టేబుల్లో పాటల పీరియడ్ అని రాసుంది. ఆ గంటలో ఎప్పుడూ లెక్కలే చేయిస్తారు, ఎందుకు?" అని. చేతిలో చాక్లెట్ పెట్టి నవ్వేసి ఊరుకున్నాను. బస్సెక్కాక సిగ్గేసింది. ఆ అలవాటు మొదలుపెట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అప్పట్లో మన బడికి సంగీతం టీచరమ్మ ఉండేవారు. వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలు దగ్గర పడే కొద్దీ ఆ రెండిటి మీదా నా కన్ను పడేది. ఒకరోజు అడుగుదామని వెళ్ళి గుమ్మం దగ్గర ఆగాను. పిల్లలు సరళీ వరుసలు, అంటే సరిగమల మొదటి పాఠాలు, పాడుతున్నారు. ఆదితాళం మీరు చూసే ఉంటారు. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు మొదలుకుని మూడు వేళ్ళు, ఆ తర్వాత దెబ్బా తిప్పూ రెండుసార్లు. మొత్తం ఎనిమిది. మొదటి కాలంలో లెక్కకో స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెయ్యి వేగం మారకూడదు, నోరే పరుగెత్తాలి.

ముందు వరసలో ఒక కుర్రాడు. వాళ్ళ నాన్న చీమకుర్తి క్వారీలో పని. నా క్లాసులో "సగంలో సగం ఎంతరా?" అంటే నేల చూపులు చూసేవాడు. ఇక్కడేమో ఒక్కో దెబ్బలో నాలుగేసి స్వరాలు సమానంగా సర్దుతున్నాడు, చెయ్యి తొణక్కుండా. పావు అంటే అదే కదా! నాకు తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా "మేడమ్, సిలబస్ మిగిలిపోయింది, ఈ పీరియడ్ నాకిస్తారా?" అన్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. హార్మోనియం తిత్తి మూసి, కొక్కెం తగిలించి, గుడ్డ కప్పి వెళ్ళిపోయారు. ఆ రోజు నేను ఏ లెక్క చేయించానో గుర్తు లేదు. ఆ కొక్కెం చప్పుడు గుర్తుంది.

పాట నేర్చుకుంటే లెక్కలు వచ్చేస్తాయని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. అలా చెప్పేవాళ్ళను కాస్త అనుమానంగానే చూడండి. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం వినిపించి పరీక్ష పెట్టారు. ఆకారాలను మనసులో ఊహించుకునే ఒక రకం ప్రశ్నల్లో కొంచెం మెరుగు కనబడింది. అదీ పది పదిహేను నిమిషాలే. దాన్ని పట్టుకుని పసిపిల్లలకు తెలివి పెరుగుతుందంటూ సీడీలు అమ్ముకున్నారు. ఇంట్లో ఎవరైనా "పాటలతో మార్కులొస్తాయా?" అంటే, రావచ్చు, రాకపోవచ్చు అనే చెప్పండి. కబడ్డీ ఆడితే మార్కులొస్తాయా అని ఎవరూ అడగరుగా.

మరి ఏమొస్తుందంటారా? రిటైరయ్యాక నేనే నేర్చుకోవడం మొదలుపెట్టాను. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు. ఈ వరస పెట్టింది పురందరదాసు గారని చెబుతారు. ఇప్పటికీ కర్ణాటక సంగీతం నేర్చే పిల్లలు మొదట పాడేది అవే. నా రిషభం, అంటే సరిగమల్లో 'రి', ఎప్పుడూ ఉండాల్సిన దానికంటే పైకి పోయేది. నేను బ్రహ్మాండంగా పాడుతున్నాననుకునేవాణ్ణి, మా మనవరాలు చెవులు మూసుకునేది. రెండో నెలకి తేడా నాకే వినబడసాగింది. లెక్క తప్పితే మర్నాడు ఎర్ర సిరా చెబుతుంది. స్వరం తప్పితే, ఆధార స్వరం ఆగకుండా మోగించే శ్రుతిపెట్టె పక్కన అప్పటికప్పుడే ముల్లులా గుచ్చుకుంటుంది, నోట్లో ఉండగానే దిద్దుకోవాలి. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను మాట్లాడాను, పిల్లలు విన్నారు. నేను వినడమనేది అప్పుడు మొదలైంది. నలుగురితో కలిసి పాడితే ఇంకా కష్టం. గొంతు పెద్దదున్నవాడు తగ్గాలి, పక్కవాడు ఊపిరి తీసే చోటు తెలియాలి.

లెక్క కావాలంటే అందులోనే ఉంది. వీణ తీగను సరిగ్గా సగం దగ్గర నొక్కి మీటితే పై షడ్జం, అంటే పై 'స', పలుకుతుంది. మూడింట రెండు వంతుల తీగ మోగేలా నొక్కితే పంచమం, అంటే 'ప'. ఇది ముందే తెలిసుంటే నిష్పత్తుల పాఠం సుద్దముక్కతో చెప్పేవాణ్ణి కాదు.

మనవైపు సంగీతం ఎక్కడుంది అని ఆ రోజు ఎవరో అన్నారు. మన పక్కనున్న కరవదిలో 1924లో షేక్ చినమౌలానా గారు పుట్టారు. నాదస్వర విద్వాంసులు. శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరు కంభం పక్కనే. నెల్లూరు గాయకుడు ఎస్పీ బాలు గారి నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు.

ఒకటి గమనించండి. చినమౌలానా గారిది నాదస్వరం వాయించే కుటుంబం. బాలు గారింట్లో హరికథ. వాళ్ళకు ఇంట్లోనే చెవికి పడింది. ఆ క్వారీ కుర్రాడికి ఇంట్లో లేదు, ఒంగోలు వచ్చి ట్యూషన్ పెట్టించుకునే స్తోమత లేదు. వాడికి ఉన్నదల్లా వారానికి ఆ రెండు గంటలు. నేను తీసుకున్నది ఖాళీ పీరియడ్ కాదర్రా, వాడికి ఉన్న ఒక్క దారి.

మీకు అడిగే హక్కు కూడా ఉంది. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్న బడిలో కళలు నేర్పడానికి పార్ట్‌టైమ్ టీచరు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా పాటా ఆటా వేరు, చదువు వేరు అని గోడలు కట్టొద్దంది. తల్లిదండ్రుల మీటింగులో మీ అమ్మల చేత అడిగించండి. మర్యాదగా అడగండి, లెక్కల సారు మీద ఫిర్యాదులా కాకుండా. ఆయన టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వచ్చే శనివారం మధ్యాహ్నం నేను బడికొస్తాను. ఆ పాత హార్మోనియం స్టాఫ్ రూమ్ బీరువా మీద, మ్యాపుల చుట్టల వెనక ఇంకా ఉందట. తిత్తి ఎలుకలు కొరికాయని అటెండరు చెప్పాడు. హెడ్మాస్టారిని అడిగి పెద్దవాళ్ళ చేత కిందికి దింపించండి, మీరు ఎక్కొద్దు. కొక్కెం తుప్పు పట్టి ఉంటుంది, కాస్త కొబ్బరినూనె రాసి ఉంచండి. నేను వచ్చి తీస్తాను.

ఇట్లు,
మీ లెక్కల తాతయ్య