రేడియో ఆటోమేషన్ మీద జనాలకున్న అపోహలు - అసలు సంగతులు

విజయనగరం పక్కన ఓ చిన్న కమ్యూనిటీ రేడియోలో టెక్నికల్ పని నాది. 100 వాట్ల ఈఆర్‌పీ (అంటే యాంటెన్నా నుంచి గాల్లోకెళ్ళే సిగ్నల్ బలం), 30 మీటర్ల లోపు యాంటెన్నా, అంతే మా సామ్రాజ్యం. పాటలూ ప్రోగ్రాములూ కంప్యూటరే టైం ప్రకారం వేసుకుంటూ పోతుంది, దాన్నే ఆటోమేషన్ అంటాం. స్టూడియోకొచ్చిన ప్రతివోడూ స్క్రీన్ చూసి "ఓస్ ఇంతేనా, పాటలు వరసగా పెట్టీసి ఇంటికెల్లిపోవచ్చు కదేటి" అంటాడు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: షెడ్యూల్ అంటే పెద్ద ప్లేలిస్టే.

కాదండి. మేం వాడేది రివెండెల్ అనే ఫ్రీ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్, లైనక్స్ మీద నడుస్తుంది. ఇందులో ముందు క్లాక్ తయారు చేసుకోవాలి, అంటే ఒక గంటలో ఏ నిమిషానికి ఏ రకం ఐటమ్ రావాలి, పాటా, జింగిలా (స్టేషన్ పేరు చెప్పే చిన్న ట్యూన్), యాడా, రైతుల ప్రోగ్రామా అని. ఆ క్లాకుల్ని వారానికి 168 గళ్ళుండే గ్రిడ్‌లో పెడితే దాన్నుంచి ఏ రోజుకారోజు లాగ్, అంటే ఆ రోజు ఏది ఎప్పుడు ఆడాలో చెప్పే పట్టీ, తయారవుద్ది, పాటలూ యాడ్లూ తర్వాత అందులో కలుస్తాయి. ఇక్కడ అసలు కిటుకు టైముది. ఒక ఐటమ్‌కి ఫిక్స్‌డ్ టైం ఇచ్చామనుకోండి, ఆ టైముకి ముందుది ఇంకా ఆడుతుంటే దాన్ని కోసీసి ఇది మొదలవ్వాలా, లేకపోతే ముందుది అయ్యాక ఇది రావాలా, లేకపోతే ఇన్ని నిమిషాల దాకా ఆగాలా అన్నది మనమే చెప్పాలి. నేనో ఏడాది సిరిమానోత్సవం లైవ్ తర్వాత 5 గంటలకి రైతుల ప్రోగ్రాం పెట్టి "వెంటనే మొదలుపెట్టు" అని వదిలేశా. సిరిమాను మన గడియారం చూసి కదులుద్దా? మాను కోట వైపు వస్తుంటే, జనం గోల మధ్యలో మావోడు రోడ్డు మీంచి చెప్తుంటే, టక్కున లైవ్ తెగి వరిలో దోమపోటు నివారణ మొదలైంది. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, చెప్పింది చేసింది. ఆ ఫోన్లు మాత్రం జన్మలో మర్చిపోను.

అపోహ: స్క్రీన్ మీద మీటర్ ఊగుతోందంటే గాల్లోకి వెళ్తున్నట్టే.

కొత్తగా చేరినోళ్ళందరూ పడే గొయ్యి ఇది. ప్లేయర్‌లోంచి వచ్చిన సౌండ్ సౌండ్‌కార్డులో ఏ అవుట్‌పుట్‌కి పోతుంది, మిక్సర్‌లో ఏ ఫేడర్‌కి (సౌండ్ పెంచి తగ్గించే మీటకి), అక్కణ్ణుంచి ట్రాన్స్‌మిటర్‌కి, ఇదంతా రూటింగ్, దీనికీ షెడ్యూల్‌కీ సంబంధం లేదు. లాగ్ పక్కాగా నడుస్తుంటాది, బయట మాత్రం నిశ్శబ్దం. అందుకే మానిటర్ స్పీకర్‌కి మిక్సర్ సౌండ్ కాదు, మామూలు ఎఫ్ఎం రిసీవర్ పెట్టి మన ఫ్రీక్వెన్సీనే వినాలి, సౌండ్ ఆగిపోతే పట్టుకునే సైలెన్స్ డిటెక్టర్‌కి కూడా ఆ రిసీవర్ నుంచే లైన్ ఇవ్వాలి. ఆకాశవాణి వార్తలు రిలే చేసేటప్పుడు ఇంకో తిరకాసుంది, ఇంటర్నెట్ స్ట్రీమ్ అసలు టైం కన్నా కాస్త వెనకుంటుంది, మన గడియారం ప్రకారం ఠంచనుగా కలిపితే వార్తలకి ముందొచ్చే యాడ్ తోక వినపడుద్ది. పైగా ఆ వార్తల్లో మనం ముక్క కూడా మార్చకూడదు.

అపోహ: ఆడియో ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే.

రివెండెల్‌లో ఫైళ్ళకి పేర్లుండవు, 010023_001 లాంటి నంబర్లే. ఏ నంబరు తప్పెటగుళ్ళో ఏది సబ్బు యాడో తెలిసేది డేటాబేస్‌కే. అది పోతే వేల ఫైళ్ళు ఒక్కోటీ విని గుర్తుపట్టుకోవాలి, కూర్చోండి మరి. రోజూ డేటాబేస్ డంప్, అంటే దాని పూర్తి కాపీ, తీసి వేరే డిస్కులో పడెయ్యండి.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాబట్టి నాసిరకం అనేవోళ్ళకి ఒకటే మాట, మా దగ్గర ఆగిపోయిన ప్రతిసారీ కారణం కరెంటో, వైరో, నేనో.

ఇక మనిషి అక్కర్లేదనే సంగతి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటి రాత్రి లాగ్‌లో ఏముందో ఎవడిక్కావాలి? ఆటో మోడ్ తీసీసి మాన్యువల్‌లో పెట్టి, జనరేటర్‌లో డీజిల్ ఎంతుందో చూసుకుంటూ మైకు ముందు ఎవడో ఒకడు కూర్చోవాల్సిందే.