అభిఘాతాల లెక్కలో రుణ గుర్తు: దెకార్త్ నుంచి న్యూటన్ దాకా

2 కిలోల దిమ్మె కుడివైపుకు సెకనుకు 3 మీటర్ల వడితో పోతోంది. 1 కిలో దిమ్మె అంతే వడితో ఎదురొచ్చి దాన్ని ఢీకొని అతుక్కుపోయింది. ఇంటర్ పిల్లలకు ఈ లెక్క ఇస్తే చాలామంది 2 × 3 = 6కి 1 × 3 = 3 కలిపి మొత్తం ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) 9 అంటారు. 3 కిలోలతో భాగించి, రెండూ సెకనుకు 3 మీటర్లతో కుడివైపుకే పోతాయని తేలుస్తారు. దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయడం తగదు. 1644లో ఫ్రెంచి తత్వవేత్త రెనె దెకార్త్ ప్రకటించిన ఏడు అభిఘాత (వస్తువులు ఢీకొనే) సూత్రాల్లో రెండోది చెప్పేదీ ఇదే జవాబు.

దెకార్త్ లెక్కలో వస్తువు పరిమాణం, వడి ఉన్నాయి, దిశ లేదు. నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువును చిన్నది ఎంత వడిగా కొట్టినా కదపలేదని నాలుగో సూత్రంలో చెప్పింది కూడా తప్పే.

1650ల్లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ఈ తప్పును పట్టుకున్నాడు. కదిలే పడవలో జరిగే అభిఘాతాన్ని ఒడ్డు మీది మనిషి చూస్తే వేగాలు మారతాయి కానీ నియమం మారకూడదు కదా! దెకార్త్ సూత్రాలు ఆ పరీక్షకు నిలవలేదు. 1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ సమస్యపై సమాధానాలు కోరింది. జాన్ వాలిస్ అతుక్కుపోయే వస్తువుల గురించి, క్రిస్టఫర్ రెన్, హైగెన్స్ ఎగిరిపడే వాటి గురించి రాశారు. మారకుండా నిలిచేది దిశతో కూడిన ద్రవ్యవేగాల మొత్తమేనని తేలింది.

కాబట్టి ముందు కుడివైపును ధనంగా తీసుకోండి. 6 − 3 = 3; వేగం సెకనుకు 1 మీటరే. అతుక్కోకుండా విడిపోతే తెలియని వేగాలు రెండు, సమీకరణం ఒక్కటే. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పూర్తి స్థితిస్థాపక అభిఘాతంలో (గతిజశక్తి ఏమీ పోకుండా ఎగిరిపడితే) దగ్గరయ్యే వడి, దూరమయ్యే వడి సమానం అన్నదే రెండో సమీకరణం. ఢీకొన్నాక 2 కిలోల దిమ్మె వేగం v₁, 1 కిలో దిమ్మె వేగం v₂ అనుకోండి. దగ్గరయ్యే వడి 6 గనుక v₂ − v₁ = 6; 2v₁ + v₂ = 3. అంటే v₁ = −1, v₂ = 5.

నిజమైన బంతులు అంత పూర్తిగా ఎగిరిపడవు. 10 అడుగుల లోలకాలతో, గాలి నిరోధాన్ని కూడా లెక్కగట్టి, న్యూటన్ 1687లో దూరమయ్యే వడికి, దగ్గరయ్యే వడికి ఉండే ఈ నిష్పత్తులు ఇచ్చాడు: గాజుకు 15/16, గట్టిగా చుట్టిన ఉన్నికి 5/9. మనం ప్రత్యావస్థాన గుణకం అంటున్నది దీన్నే. పై లెక్కలో ఉన్ని బంతులైతే 6 బదులు 10/3 వేయాలి.

చివర గతిజశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి, ½ × ద్రవ్యరాశి × వేగం²) సరిచూడండి. ఢీకొనక ముందు 13.5 జౌళ్లు. తప్పు జవాబులోనూ 13.5 జౌళ్లే వస్తాయి. ఎదురెదురుగా వచ్చి అతుక్కున్న దిమ్మెలకు శక్తి నష్టం లేకపోవడం అసాధ్యం. సరైన జవాబులో మిగిలేది 1.5 జౌళ్లే.