వాకిట్లో కూర్చుని చూసినవారి మాట

చిరంజీవులైన నా మనుమలకూ, మనుమరాళ్లకూ మీ మామ్మ ఆశీస్సులు.

దేశ విభజన నాటి మత కల్లోలాలపై తీసిన ‘తమస్’ ధారావాహికను మీరంతా కలిసి చూసి, తలా ఒక అభిప్రాయం రాసి పంపినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇదంతా ఎప్పుడో పంజాబులో జరిగిన గొడవ, దానితో మన కోనసీమకు ఏం సంబంధమని పెద్దవాడు రాశాడు. నత్థూ అనే పేదవాడికి డబ్బిచ్చి పందిని చంపించి గొడవ రగిల్చిన మురాద్ అలీదే తప్పంతా అని రెండోవాడు తేల్చేశాడు. పందిని చంపే దృశ్యం అంతసేపు చూపించాలా అని పెద్దమ్మాయి అడిగింది. అంత చేసిన మురాద్ అలీకి చివరికి శిక్ష ఎందుకు పడలేదన్నది చిన్నదాని ప్రశ్న. కథను ఎవరైనా తాము కూర్చున్న చోటి నుంచే చూస్తారు. వేరొకచోట కూర్చున్నవారికి అదే కథలో ఏం కనిపించిందో విన్న తరువాతనే మన అభిప్రాయం పక్వానికి వస్తుందని నా నమ్మకం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ ధారావాహికకు మూలమైన ‘తమస్’ నవల రాసిన భీష్మ సాహ్నీ రావల్పిండిలో పుట్టారు. 1947లో అక్కడ చెలరేగిన అల్లర్లను స్వయంగా చూశారు. ఆ నవలకు 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గోవింద్ నిహలానీ దర్శకత్వంలో అది తెరకెక్కి, 1988 జనవరిలో దూరదర్శన్‌లో ప్రసారమైంది. ఇటువంటివి చూపిస్తే జనం మళ్లీ కొట్టుకుంటారని ఒకరు బొంబాయి హైకోర్టుకు వెళ్లగా, మొదట ప్రసారంపై స్టే వచ్చింది. తరువాత ఇద్దరు న్యాయమూర్తులు ధారావాహికను స్వయంగా చూసి ఆ స్టే ఎత్తివేశారు. చదువు రానంత మాత్రాన జనానికి ఇంగితం ఉండదనుకోకూడదన్నది వారి తీర్పులో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. ప్రతిదానికీ బెదిరిపోయే మనసుతో కాక, నిబ్బరమూ వివేకమూ ఉన్న మనిషి దృష్టితో ఇటువంటి కథను తూచాలని చెప్పింది.

న్యాయమూర్తులు చెప్పిన ఆ ఇంగితాన్ని నేను మన ఊళ్లోనే చూశాను. సంక్రాంతి వెళ్లి దాళ్వా (రెండో పంట) ఊడ్పులు సాగుతున్న రోజులవి. ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లు తక్కువ కావడంతో ఒక మోతుబరి ఇంట్లో అందరూ చేరేవారు. హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి బడిలో హిందీ చెబుతున్నాను గనుక, సంభాషణలను తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. హాలులో చాపల మీద ఇంటివారూ, వారి బంధువులూ కూర్చునేవారు. గుమ్మానికి ఇవతల, వాకిట్లో, కూలికి వచ్చేవారు గొంతుక్కూర్చుని కిటికీలోంచి చూసేవారు. లోపలికి రమ్మని వారిని ఎవరూ పిలిచేవారు కాదు, పిలుస్తారని వారూ అనుకునేవారు కాదు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఇటూ అటూ వినిపించేలా గొంతు పెంచి చెప్పేదాన్ని.

మొదటి భాగం అయిపోగానే హాలులో వాదన మొదలైంది. ఒకరు హిందువులను తప్పుపట్టారు, ఒకరు ముస్లిములను, మరొకరు తెల్లదొరలను. వాకిట్లో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన అంతా విని, నాతో మెల్లగా ఇలా అన్నాడు: “పంతులమ్మగారూ, ఆ నత్థూ కాదంటే ఊరుకుంటారాండీ? పెద్దోళ్లు ఐదు రూపాయలు చేతిలో పెట్టి పని చెబితే, ఎందుకని అడిగే నోరు మాకు ఉంటుందాండీ?” హాలులో అంతమంది మాట్లాడినా నత్థూ పేరు ఒక్కరూ ఎత్తలేదు. తోళ్లు ఒలిచి బతికే నత్థూ కథతోనే ధారావాహిక మొదలవుతుందని, మతాల గొడవ రగలడానికి ముందే కులం తన పని చేసేసిందని, వాకిట్లో కూర్చున్నాయనకు ఒక్క చూపులో అర్థమైంది.

పెద్దమ్మాయి అడిగిన దృశ్యాన్ని ఆయన కళ్లతో మళ్లీ చూడాలి. చీకటి గదిలో చిన్న దీపం, చావని పంది, చెమటలు కక్కుతూ రాత్రంతా దానితో పెనుగులాడుతున్న ఒంటరి మనిషి. డాక్టరుకు కావాలని చెప్పి చంపించిన ఆ జంతువు తెల్లవారేసరికి మసీదు మెట్ల మీద ఉంటుందని అతనికి తెలియదు. ఆ దృశ్యాన్ని కుదిస్తే, అది ఎవరి చెమటతో జరిగిన పనో మనం మరిచిపోయి, ఎవరు చేయించారన్న తగవులోకి వెళ్లిపోతాం. అది చూడడం కష్టమే, చిన్నపిల్లలు పెద్దల పక్కన కూర్చునే చూడాలి. కానీ తగ్గించమని మాత్రం నేను అనను.

రెండోవాడా, తప్పంతా మురాద్ అలీదే అయితే రాజో ఇంటిని ఎలా అర్థం చేసుకుంటావు? ఊరు విడిచి పారిపోతున్న హర్నామ్ సింగ్, బంతో దంపతులకు ఆ ముస్లిం ఇల్లాలు ఆశ్రయం ఇచ్చింది. అదే సమయంలో ఆ ఇంటి మగవాళ్లు దోపిడీకి వెళ్లి, హర్నామ్ సింగ్ పెట్టెనే మోసుకొచ్చారు. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తినేవారిలో దయా ఉంది, దోపిడీ ఉంది. మురాద్ అలీ వచ్చి ఆ ఇంట్లో ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. రాజో మాత్రం తన వాళ్లనూ వదులుకోలేదు, ఆ దంపతులనూ వదిలేయలేదు. ధారావాహిక మొత్తంలో నాకు అందరికన్నా గొప్పగా కనిపించింది ఆమే.

మీ వయసువాడు రణవీర్ గురించి మీలో ఎవరూ రాయకపోవడం నన్ను కొంత ఆశ్చర్యపరిచింది. ధైర్యం నేర్పుతామని చెప్పి వాడి చేత కోడిని కోయించారు. వాడికి కడుపులో తిప్పింది. ఆ జాలిని పిరికితనమని వాడికి నూరిపోసినవారు రౌడీలు కారు, ఊళ్లో గౌరవం ఉన్న గురువులు. నలబై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని గనుక ఆ ఘట్టం దగ్గర నా మనసు ఇప్పటికీ కుదుటపడదు.

పెద్దవాడి మాటకు జవాబు మరీ దూరం వెళ్లి వెతకనక్కరలేదు. 2022 మే నెలలో మన జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామని ప్రకటించినప్పుడు అమలాపురంలో నిరసన హింసగా మారి, ఒక మంత్రి ఇల్లూ, ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. ఒక పేరు దగ్గర అంత కోపం పుట్టిన నేల మీద కూర్చుని, అది పంజాబు గొడవ అని ఎలా అనగలం?

ఇక చిన్నదాని ప్రశ్న. గొడవలు చల్లారాక శాంతి సందేశం చెప్పడానికి బయలుదేరిన బస్సులో మురాద్ అలీ కూడా ఎక్కి, సమైక్యత నినాదాలు ఇస్తాడు గుర్తుందా? ఆ బస్సు సిద్ధమయ్యే వేళకు నత్థూ బతికి లేడు. అతను ప్రాణాలతో ఉండి ఉంటే, ఆ మనిషిని వేలెత్తి చూపించగలిగినవాడు అతనొక్కడే. భార్య కర్మోకు ఆ సంగతి నత్థూ ఎంత కుమిలిపోతూ చెప్పుకున్నాడో మరొకసారి చూసి, ఆమె ఎవరి దగ్గరకు వెళ్లి చెప్పి ఉండవచ్చో, చెబితే ఎవరు వినేవారో మీకు తోచినట్టు నాకు రాయండి.

మీ మామ్మ