అక్టోబర్‌లో తవ్విన ఐరిస్

అమెరికా ఉత్తరాన చలి ఊరు మినియాపోలిస్‌లో ఇల్లు మారినప్పుడు పాత పెరట్లోని ఐరిస్ పూల మొక్కలను వదల్లేక దుంపలతో సహా తవ్వి తెచ్చుకున్నాం. అప్పటికే అక్టోబర్ నెలాఖరు. నేల గడ్డకట్టే లోపు ఐరిస్ వేళ్లూనుకోవాలంటే ఆరు వారాలైనా కావాలి. వేళ్లు పట్టని దుంపను మంచు కట్టీ కరిగే నేల కొంచెం కొంచెంగా పైకి నెట్టేస్తుంది. అందుకని వాటిని వసంతం దాకా దాచాల్సి వచ్చింది.

దుంప చూడ్డానికి అచ్చం అల్లమే. అల్లం, పసుపులాగే ఇదీ వేరు కాదు, నేలలో అడ్డంగా పాకే కాండం. పోలిక అక్కడితో సరి. పసుపు కొమ్ముకి గడ్డకట్టే చలి తగిలితే అంతే సంగతులు. ఐరిస్ మాత్రం చలికి ముందే సిద్ధమవుతుంది. రాత్రులు చల్లబడేకొద్దీ దానిలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా పాకం గడ్డకట్టదు కదా, ఇదీ అంతే. కణాల్లోని నీరు కొంత బయటికి జారి, కణాల మధ్య సందుల్లో మంచవుతుంది. లోపల చిక్కటి రసం మిగులుతుంది. మంచు కణం లోపలే ఏర్పడిందా, పొరలు చిరిగి కణం చచ్చిపోతుంది.

మైనస్ 25 డిగ్రీల ఊళ్లో బతికే మొక్కే కదా అని సంచిలో వేసి బయట షెడ్డులో పడేయకూడదు. నేలలో ఉన్నన్నాళ్లూ అది ఆ చలిని నేరుగా చూడలేదు. కింద నేల వెచ్చదనం, పైన గాలి నిండిన మంచు దుప్పటి దాన్ని కాపాడాయి. షెడ్డులో ఆ రెండూ ఉండవు. సుమారు 4 నుంచి 10 డిగ్రీలుండే చీకటి మూల చాలు. హీటర్ లేకపోయినా లోపల గడ్డకట్టని గరాజ్ దొరికితే మరీ మంచిది. వెచ్చటి గదిలో పెడితే పాలిపోయిన ఆకులు వేసి, ఉన్న నిలవంతా తినేస్తుంది.

ఆకులు అర జానెడు ఉంచి కత్తిరించాను. మట్టి దులిపానే గానీ కడగలేదు. కోసిన చోట గాయం ఆరేదాకా కొన్నాళ్లు నీడన పరిచి, న్యూస్‌పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టాను. పేపర్ చాలక రెండింటిని ప్లాస్టిక్ కవర్లో వేశాను, అదే నా తెలివితక్కువ పని. దుంప ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వదిలిన తేమ కవర్లోనే నిలిచింది. నెల తిరిగేసరికి బొటనవేలితో నొక్కితే తొక్క బాగానే ఉంది, లోపల గంజి. కణాలను అతికించే పెక్టిన్‌ను బ్యాక్టీరియా కరిగించేస్తే వచ్చే కుళ్లు అది. ఆ వాసన చెప్పక్కర్లేదు! తక్కినవి గట్టిగా, కోస్తే మీగడ రంగులో ఉన్నాయి.

ఇదంతా రేకల మీద గడ్డంలా నూగుండే ఐరిస్‌ల సంగతి. సైబీరియన్, జపనీస్ రకాల వేళ్లు ఆరనివ్వకూడదు, తడి మట్టితో కుండీలోనే ఉంచాలి.

ఏప్రిల్ నెలాఖర్లో దుంప వీపు ఎండకి కనిపించేలా పైపైన నాటాను. ఆ ఏడాది ఆకులే వచ్చాయి.