"మా యాప్‌కి చూపులేనివాళ్లు రారండీ!": యాక్సెసిబిలిటీపై అపోహలు - వాస్తవాలు

వెబ్‌సైట్లను, యాప్‌లను దివ్యాంగులు ఇబ్బంది లేకుండా వాడగలరా లేదా అని పరీక్షించడం నా ఉద్యోగం. అలా వాడగలగడాన్నే యాక్సెసిబిలిటీ అంటారు. ఆఫీసు మాదాపూర్‌లో. క్లయింట్లు మారినా మీటింగుల్లో వినిపించే మాటలు మాత్రం మారవు. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: అలాంటి కస్టమర్లు మాకు లేరు.

లేరా, వచ్చి వెనక్కి పోయారా? మా టీమ్‌లో చూపులేని టెస్టర్ ఒకాయన ఉన్నారు. రోజూ మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగి ఒక్కరే ఆఫీసుకి వస్తారు. అంత దూరం రాగలిగిన మనిషి ఒక సరుకుల యాప్‌లో డబ్బు కట్టే పేజీ దాటలేకపోయారు. తెర మీద ఉన్నదాన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌లోని టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. ఇలాంటివాటినే స్క్రీన్ రీడర్లు అంటారు. ఆ పేజీలో మూడు బొమ్మల బటన్లు ఉన్నాయి, ఒక్కదానికీ పేరు పెట్టలేదు. "మేడమ్, ఇది 'బటన్, బటన్, బటన్' అంటోంది. డబ్బు కట్టేదేదో, ఆర్డర్ రద్దు చేసేదేదో చీటీలు వేసి తీయమంటారా?" అన్నారు. డెవలపర్ మూడు లేబుళ్లు రాశాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. చట్టం అప్పట్లో గుర్తించిన వైకల్యాలు ఏడే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఇక ఈ లెక్కలో ఎక్కడా కనిపించని మా నాన్నలాంటి వాళ్లున్నారు. కంటి శుక్లాలతో ఓటీపీలో 3కీ 8కీ తేడా తెలియక, టైమర్ పరిగెడుతుంటే టెన్షన్ పడి ఫోన్ నా చేతికిచ్చేవారు.

అపోహ: స్క్రీన్ రీడర్లు ఖరీదు. పైగా తెలుగు చదవవు.

కంప్యూటర్‌లో వాడే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం. దాన్ని 2006లో మొదలుపెట్టింది చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడే, తర్వాత చేయి కలిపిన స్నేహితుడికీ చూపులేదు. అది తెలుగూ చదువుతుంది. మరగొంతే అనుకోండి, అలవాటైనవాళ్లు మనకు అర్థం కానంత వేగంలో పెట్టుకుని వింటారు.

అసలు తప్పు మన దగ్గరే ఉంది. అను ఫాంట్లలో టైప్ చేసి పీడీఎఫ్ చేసిన కాగితం కంటికి చక్కటి తెలుగే. లోపల దాగి ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. స్క్రీన్ రీడర్ పాపం వాటినే చదువుతుంది. ఒకసారి ఒక దరఖాస్తు ఫారం అలా వింటుంటే భూతవైద్యుడి మంత్రంలా ఉంది! కాగితాన్ని స్కాన్ చేసి ఫొటోలా పెడితే ఆ మంత్రం కూడా ఉండదు. తెలుగు అక్షరాన్ని లోపల కూడా తెలుగు అక్షరంగానే ఉంచే యూనికోడ్‌లో టైప్ చేయండి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాయండి. లేకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు వాక్యం మొత్తం మింగేసి ముందుకు పోవచ్చు.

అపోహ: ఒక ప్లగిన్ వేస్తే చాలు.

పేజీ మూలన చిన్న మనిషి బొమ్మ పెట్టి "ఇక అంతా సరే" అనే సరుకు ఇది. అలా అతిగా చెప్పుకున్న ఒక కంపెనీని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టమంది. ఆటోమేటిక్ పరీక్షలనూ పూర్తిగా నమ్మలేం. బొమ్మకు వివరణ ఉందో లేదో అవి చెప్తాయి. ఆ వివరణలో "ఫొటో ఫొటో" అని రాసినా చాలాసార్లు పాస్ చేసేస్తాయి.

అపోహ: డిజైన్ అందం పోతుంది.

తెలుపు మీద లేత బూడిద అక్షరాలు అందమైతే, పోనివ్వండి. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. మే నెల ఎండలో కోఠి బస్‌స్టాప్‌లో నిలబడి మీ యాప్ తెరిచి చూడండి, ఎందుకో తెలుస్తుంది.

అపోహ: వినపడనివాళ్లు చదువుకుంటారుగా, వాళ్లకేం ఇబ్బంది?

వీడియోకు క్యాప్షన్లు లేకపోతే ఏం చదవాలి? ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఒక్కటే ఇస్తే ఎలా మాట్లాడాలి? చాట్, ఈమెయిల్ కూడా పెట్టండి. ఇంకో మాట: భారతీయ సంకేత భాష తెలుగుకు చేతి అనువాదం కాదు, దాని వ్యాకరణం దానిదే. పుట్టినప్పటి నుంచీ అదే భాషగా ఉన్నవాళ్లకు మన సర్కారీ తెలుగు పరాయి భాషే.

అపోహ: ఇది సేవాభావం. వీలైతే చేస్తాం, చట్టమంటారా, అది ప్రభుత్వ సైట్లకే.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2016 చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. 2024 నవంబర్‌లో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, యాక్సెసిబిలిటీ ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేయడం చెల్లదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. ఖాతాదారు ఎవరో ఆన్‌లైన్‌లో నిర్ధారించుకునే బ్యాంకు ఈ-కేవైసీలో మనిషి ఎదురుగా ఉన్నట్టు రుజువుకు "కళ్లు ఆర్పండి" అంటారు కదా. యాసిడ్ దాడిలో కనురెప్పలు పోయినవాళ్లు ఏం ఆర్పాలి? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది, వేరే మార్గాలూ ఉండాలని ఆదేశించింది.

ఈ సాయంత్రం టాక్‌బ్యాక్ ఆన్ చేసి మీ యాప్‌లో ఒక ఆర్డర్ పెట్టి చూడండి. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే పని చేస్తుంది, పేజీ జరపాలంటే రెండు వేళ్లు కావాలి. ముందుగా ఆపడం ఎలాగో సెట్టింగ్స్‌లో చూసి పెట్టుకోండి. మా మేనేజర్ అది చూసుకోక, ఇంటి నుంచి వచ్చిన ఫోన్ ఎత్తలేక, మీటింగ్ మధ్యలో ఆ టెస్టర్ చేతికే ఫోన్ ఇచ్చారు.