మోకాలి మార్పిడికి వచ్చే అమ్మల ఎముకలు: అపోహలు - వాస్తవాలు

మోకాలి మార్పిడి కోసం వచ్చిన కుటుంబం నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీది వేస్తారు?" రెండోది "ఎన్నేళ్లు వస్తుంది?" లోహం గురించి ఇంత ఆరా తీసేవాళ్లు, అది కూర్చోబోయే ఎముక ఎలా ఉందో మాత్రం అడగరు. చెద తిన్న ద్వారబంధానికి ఎంత ఖరీదైన బందు బిగించినా మేకు పట్టదు కదా.

అపోహ: "గుజ్జు అరిగిందన్నారు. అంటే ఎముకలు గుల్లబారినట్టే."

రెండూ వేరు. గుజ్జు అరగడం కీలు జబ్బు. నొప్పి, వాపు, కాలు వంకర, అన్నీ పైకి కనిపిస్తాయి. ఎముక గుల్లబారడం, అదే ఆస్టియోపోరోసిస్, విరిగేదాకా కిక్కురుమనదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మోకాలి నొప్పితో మంచానికీ కుర్చీకీ పరిమితమైన కాలిలో ఎముక ఇంకా పలచబడుతుంది.

పైగా ఆ నొప్పికి వాడిన మందులు. మొన్న ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి కాగితం పొట్లం చూపించింది. చిన్న తెల్ల మాత్రలు, పేరూ ఊరూ లేవు. "ఇవి వేసుకుంటే పొద్దుగూకేదాకా నాట్లు వేసేదాన్ని అయ్యా" అంది. ఉబ్బిన ముఖం, ముట్టుకుంటే కమిలే చర్మం చూస్తే స్టెరాయిడ్లేనని చెప్పక్కర్లేదు. నెలల తరబడి వాడితే అవి ఎముకను తినేస్తాయి. అలాగని ఉన్నట్టుండి మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి మత్తు డాక్టరుకూ తెలియాలి.

నేను తప్పకుండా అడిగే ఇంకో మాట: "గర్భసంచి తీయించుకున్నారా? ఏ వయసులో?" ఈ ఆపరేషన్లలో దేశం మొత్తం మీద ఆంధ్ర, తెలంగాణలే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. 35 ఏళ్లకే అండాశయాలు కూడా తీసేస్తే, 65 వచ్చేసరికి ఆ ఎముకలు 30 ఏళ్లుగా ఎముకను కాపాడే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ లేకుండా ఉన్నట్టు.

అపోహ: "ఎక్స్‌రే తీశారుగా, అందులో తెలిసిపోతుంది."

దాదాపు మూడో వంతు ఎముక పోయాకే ఎక్స్‌రేలో తేడా కనబడుతుంది. కావాల్సింది ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్. అందులో వచ్చే టీ-స్కోర్, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోల్చి చెప్పే అంకె, -2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్. ఇక్కడో తిరకాసు ఉంది. వయసు మీద పడ్డ వెన్నులో అరుగుదల వల్ల పెరిగిన ఎముక ముళ్లు స్కోరును ఉన్నదానికంటే బాగున్నట్టు చూపిస్తాయి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలోనూ అంతే, ఎముక చిక్కగా కనిపిస్తుంది గానీ గట్టిది కాదు. అందుకే నేను తుంటి అంకె చూస్తాను. క్యాంపుల్లో మడమ పెట్టి చూసే మిషన్ మీద తీర్పు చెప్పను.

అపోహ: "ఎముక గుల్లగా ఉంటే ఆపరేషన్ పనికిరాదు."

చేయొచ్చు. ముందే తెలియాలి, అంతే. ఆపరేషన్‌లో ఎముక కోశాక ఆ మొహం మీద బొటనవేలితో నొక్కి చూస్తాను. మంచి ఎముక లొంగదు. గుల్లబారినది నానిన బ్రెడ్డులా దిగబడుతుంది. అలాంటిచోట ఎముక సిమెంటు వాడతాం, అవసరమైతే కాడ పొడవున్న ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) వేస్తాం. అది ముందురోజే సిద్ధంగా ఉండాలి, ఎముక కోశాక వెతుక్కునేది కాదు. విటమిన్ డి తక్కువుంటే ముందుగానే సరిచేస్తాం.

అపోహ: "రోజూ కాల్షియం వేసుకుంటోంది, మేక కాళ్ల సూప్ కూడా ఇస్తున్నాం."

సూప్ రుచికి తాగండి, అందులో కాల్షియం అంతంతమాత్రమే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. తిండితో కలిపి రోజుకు 1,200 మిల్లీగ్రాములు చాలు. అయితే ఇటుకలు కుప్ప పోసినంత మాత్రాన గోడ లేవదు. టీ-స్కోర్ అంత కిందికి దిగినప్పుడు అసలు మందు వేరే కావాలి. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర చాలామంది కాఫీతో మింగుతారు, అది ఒంటికి పట్టదు. పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని, అరగంట పాటు ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ ఏడాదికొకసారి. దానికి ముందు కిడ్నీ, విటమిన్ డి పరీక్షలు ఉండాల్సిందే. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, కంగారు పడొద్దు. పీకించుకోవాల్సిన పళ్లుంటే ముందే పీకించుకోండి, దవడ ఎముక దెబ్బతినే ముప్పు అరుదే అయినా ఉంది.

విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ చీటీ మీద "వారానికి ఒకటి, ఎనిమిది వారాలు" అని ఉంటే, రెండేళ్లుగా తాగుతున్నవాళ్లను చూశాను. వాళ్లది బలం కాదు, విషం దాకా పోయే దారి.

అపోహ: "లోపల లోహం ఉంది, ఇక విరగదు."

లోహం విరగదు, దాని పైనున్న తొడ ఎముక విరుగుతుంది. బరువంతా లోహం మోయడంతో దాని పక్కనున్న ఎముక మొదటి ఏడాదిలోనే పలచబడుతుంది. ఆ సమయంలో రాత్రి బాత్రూమ్‌కి లేచి తడి గచ్చు మీద జారితే విరిగేది సరిగ్గా అక్కడే. దాన్ని అతికించడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం. మంచం దగ్గర చిన్న బల్బు, బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. నిద్రమాత్రలు వాడుతుంటే నాకు చెప్పండి.

ఇక ఎముకల కోసం ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్. మోకాలు బాగయింది కదా అని దీన్ని మధ్యలో మానేస్తే ఎముక వేగంగా వెనక్కి పోతుంది, వెన్నుపూసలు ఒకదాని తర్వాత ఒకటి నలగవచ్చు. ఆపాలంటే దాని బదులు వేరే మందు మొదలుపెట్టాలి. మా క్లినిక్‌లో మొదటి డోసు రోజునే తర్వాతి తేదీ చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసిస్తాం. ఇంటికెళ్లగానే గోడ క్యాలెండర్ మీద కూడా రాసుకోండి.