కార్పొరేటర్ కుర్చీ: ఐదేళ్ళ పదవి వెనుక తొంభై ఏళ్ళ కథ

హైదరాబాద్‌లో కుళాయిలో మురికినీళ్ళు వచ్చినా, వీధి దీపం వెలగకపోయినా, వాన పడి నాలా పొంగినా ముందుగా ఫోను మోగేది వార్డు నుంచి ఎన్నికైన కార్పొరేటర్‌కే. తమాషా ఏమిటంటే ఈ మూడింటిలో పూర్తిగా ఆయన చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు. కుళాయి నీళ్ళు, డ్రైనేజీ చూసే జలమండలిది. దీపం నగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీదే అయినా, అది వేలాడే స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. నాలా పని కార్పొరేషన్‌దే, కానీ దానికి అంచనా వేసేది ఇంజనీరు, డబ్బు విడుదల చేసేది కమిషనర్. 2020 ఎన్నికల నాటికి గ్రేటర్‌లో 74 లక్షల పైచిలుకు ఓటర్లకు 150 వార్డులు, అంటే సగటున వార్డుకు దాదాపు 50 వేల మంది. అసలు లెక్క ఇంకా వంకరగా ఉంది. మైలార్‌దేవ్‌పల్లిలో దాదాపు 79 వేలు, రామచంద్రాపురంలో 28 వేలు. గౌరవ వేతనం మాత్రం ఇద్దరికీ ఒకటే, నెలకు పది వేలైనా దాటదు.

ఇంత బాధ్యత, ఇంత తక్కువ అధికారం ఎలా కలిసొచ్చాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

హైదరాబాద్‌లో పురపాలన మొదటి సాలార్‌జంగ్ కాలంలో, 1869లో ఒక ప్రభుత్వ శాఖగా మొదలైంది. చాదర్‌ఘాట్‌ను కలిపి కార్పొరేషన్ చేస్తూ చట్టం వచ్చింది 1933లో. తొలి ఎన్నికలు మరుసటి ఏడు జరిగాయి. 1942లో కార్పొరేషన్ హోదా పోయింది, 1950లో మళ్ళీ వచ్చింది. 1951లో మాడపాటి హనుమంతరావు తొలి మేయరయ్యారు. సికింద్రాబాద్ కార్పొరేషన్‌ను 1960లో ఇందులో కలిపారు. ఇప్పటికీ నడుస్తున్న మూలచట్టం 1955 నాటిది. దాని నమూనా 1888 నాటి బొంబాయి మున్సిపల్ చట్టం. తరవాత విశాఖపట్నం, విజయవాడ కార్పొరేషన్లు ఏర్పడినప్పుడు కూడా ఇదే చట్టాన్ని అక్కడికి విస్తరించారు. కాబట్టి ఇక్కడి కథ కొంతవరకు వాళ్ళ కథ కూడా.

ఆ బొంబాయి నమూనాలోనే మెలిక ఉంది. అందులో అధికారం మూడు ముక్కలు: కార్పొరేటర్లందరూ కూర్చునే కౌన్సిల్, వాళ్ళలోంచి ఎన్నికయ్యే స్టాండింగ్ కమిటీ, ప్రభుత్వం నియమించే కమిషనర్. కౌన్సిల్ తీర్మానిస్తుంది, కమిటీ మంజూరు చేస్తుంది, అమలు చేసేది కమిషనర్. ఆయన్ను వేసేదీ తీసేదీ ప్రభుత్వమే, మేయర్ కాదు. గోరాల పాలనలో ఎన్నికైన సభ్యుల చేతికి ఖజానా ఇవ్వకూడదన్న జాగ్రత్తతో చేసిన అమరిక అది. గోరాలు వెళ్ళిపోయారు, అమరిక మిగిలింది.

మూడు ముక్కల్లో రెండు ముక్కలు అసలు లేకుండానే నగరం దశాబ్దాలు నడిచింది. 1970లో పాలకమండలి గడువు ముగిశాక ఎన్నికలు పెట్టలేదు, ప్రభుత్వం వేసిన స్పెషలాఫీసర్ వచ్చారు. 1986లో 100 డివిజన్లకు, అంటే వార్డులకు, ఎన్నికలయ్యాయి, 1991లో గడువు తీరింది. మళ్ళీ ఎన్నికలు 2002లో. అప్పుడు మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు, టీడీపీ నుంచి తీగల కృష్ణారెడ్డి గెలిచారు. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్ఎంసీ చేశారు. ఎన్నికలు మాత్రం 2009 నవంబర్ దాకా లేవు. లెక్కేస్తే 1970 నుంచి 2009 వరకు 39 ఏళ్ళలో ఎన్నికైన కౌన్సిల్ ఉన్నది పదేళ్ళే. ఒక తరం ఇంజనీర్లు, టౌన్‌ప్లానింగ్ అధికారులు కార్పొరేటర్ అనే మనిషిని చూడకుండానే ఉద్యోగంలో చేరి సగం సర్వీసు పూర్తిచేశారు. ఫైలు కార్పొరేటర్ దగ్గరికి వెళ్ళకపోవడం అలవాటుగా మారింది అప్పుడే. 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఐదేళ్ళకోసారి ఎన్నికలు తప్పవన్నది. అయినా 2014 డిసెంబర్‌లో గడువు తీరిన కౌన్సిల్‌కు ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో గానీ జరగలేదు.

అదే సవరణ 12వ షెడ్యూల్‌లో 18 అంశాలను పట్టణ సంస్థలకు ఇవ్వవచ్చన్నది. ఇచ్చి తీరాలని అనలేదు. నగర ప్రణాళిక అప్పటికే 1975లో పుట్టిన నగరాభివృద్ధి సంస్థ హుడా చేతిలో ఉంది, తరవాత అది హెచ్ఎండీఏ అయింది. నీళ్ళు, డ్రైనేజీ 1989లో జలమండలికి వెళ్ళాయి. ఇళ్ళ అనుమతుల్లో కొంత పట్టు మిగిలిందనుకుంటే, 2020లో ఇళ్ళ అనుమతుల ఆన్‌లైన్ పద్ధతి టీఎస్ బీపాస్ వచ్చి 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేకుండా రూపాయి ఫీజుతో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ పెట్టింది. జనానికి ఇది మేలే, అందులో అనుమానం లేదు. అయితే ‘అన్నా, ప్లాన్ పాస్ చేయించు’ అని కార్పొరేటర్ గుమ్మం ఎక్కేవాళ్ళు ఆ మేరకు తగ్గారు. చెత్త, రోడ్లు, పార్కులు, శ్మశానాలు, దోమల మందు ఇంకా కార్పొరేషన్‌లోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు, వలంటీర్లు వచ్చాక పింఛను, రేషన్ కార్డు లాంటి పనులు కూడా కౌన్సిలర్‌ను దాటి నేరుగా సాగాయి.

ఇక రోజువారీ పని. ఒక గల్లీకి సీసీ రోడ్డు కావాలనుకుందాం. కార్పొరేటర్ లెటర్‌హెడ్ మీద వినతి రాసి సర్కిల్ కార్యాలయంలో ఇస్తారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి టేపు పట్టి పొడవు, వెడల్పు కొలిచి ఎస్టిమేట్ వేస్తారు. అది పై ఇంజనీర్లయిన డిప్యూటీ ఈఈ, ఈఈ మీదుగా, మొత్తాన్ని బట్టి ఎస్ఈ దాకానో పైకో వెళ్తుంది. పెద్ద పనైతే స్టాండింగ్ కమిటీ అజెండాలోకి ఎక్కాలి. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి వచ్చాక ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండర్. తరవాత అగ్రిమెంటు, పని, ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) కొలతలు, క్వాలిటీ కంట్రోల్ తనిఖీ, చివరికి బిల్లు. ఈ గొలుసులో కార్పొరేటర్ సంతకం చట్టబద్ధంగా అవసరమైన చోటు ఒక్కటీ లేదు. వెంటపడితేనే ఫైలు కదులుతుంది, లేకపోతే ఏఈ బల్ల మీదే ఉంటుంది. పని తెలిసిన కార్పొరేటర్ రాసిచ్చి ఊరుకోరు. ఇన్‌వర్డ్ నంబరు తీసుకుని ఎస్టిమేట్ ఎవరి లాగిన్‌లో ఆగిందో వారానికోసారి అడుగుతారు.

బెడిసికొట్టేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది టెండర్. పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు ముందుకు రారు. ఒక పిలుపుకు ఎవరూ రాకపోతే రెండో పిలుపు, మూడో పిలుపు, నెలలు గడుస్తాయి. వచ్చినా అంచనా కంటే బాగా లెస్‌కు కోట్ చేసి దక్కించుకున్నవాడు మందం దగ్గర కోత పెడతాడు. రెండోది వరస తప్పడం. సీవరేజీ పైపు మార్చాల్సిన గల్లీలో ముందు సీసీ పోస్తారు, నెల తిరక్కుండా జలమండలి వచ్చి తవ్వుతుంది. పూడ్చాక ప్యాచ్ సరిగా కుదరదు, మొదటి వానకే కుంగుతుంది. ఎస్టిమేట్‌కు ముందే జలమండలి మేనేజర్‌ను గల్లీకి పిలిచి, పైపు మార్చేది ఉందా లేదా అని రాతపూర్వకంగా తీసుకుంటే ఇది చాలావరకు తప్పుతుంది. అలా చేసే కార్పొరేటర్లు ఉన్నారు, తక్కువ మంది. రోడ్డు ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొట్టే ఫోటో పైపు మార్చినందుకు రాదు కదా.

2023 జూన్‌లో ప్రతి వార్డుకూ పాలనాధికారి కింద ఒక కార్యాలయం, అన్ని విభాగాల సిబ్బందితో మొదలైంది. సంబంధం లేని శాఖల మధ్య తిరిగే కష్టానికి ఇది మందు కావాలి. కానీ ఆ సిబ్బంది జవాబు చెప్పుకునేది ఎవరి శాఖలో వాళ్ళ పై అధికారికి. అంతకుముందు 2020 అక్టోబర్ సవరణతో వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అంటూ నాలుగు కమిటీలు పెట్టాలన్నారు, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు. వాటిలో ఏది పట్టుకుని ఏం చేయొచ్చో తెలిసినవాళ్ళకే అవి ఉపయోగపడ్డాయి.

పదవికి రావడం దగ్గర మొదటి గండం రిజర్వేషన్. 2016లో 150 వార్డుల కేటాయింపు ఇలా ఉంది: ఎస్టీ 2, ఎస్సీ 10, బీసీ 50, జనరల్ మహిళ 44, అన్‌రిజర్వుడ్ 44. ఎస్టీ, ఎస్సీ, బీసీ కోటాల్లోనూ సగం మహిళలకే, కాబట్టి మొత్తం 75 స్థానాలు మహిళలవి. ఐదేళ్ళు గల్లీ గల్లీ తిరిగి పేరు తెచ్చుకున్న మనిషి వార్డు తరవాతి ఎన్నికకు మరో వర్గానికి పోవచ్చు. అప్పుడు దారులు రెండే: పక్క వార్డుకు వెళ్ళడం, లేదా ఇంట్లోవాళ్ళను నిలబెట్టడం. భార్య పేరు మీద భర్త కార్పొరేటర్‌గిరీ చేసే చోట్లు ఇందుకే కనబడతాయి. ఆ నెపం మీద మహిళా కోటానే తప్పు పట్టడం న్యాయం కాదు, సొంతంగా నెగ్గుకొచ్చిన మహిళలు చాలా మంది ఉన్నారు. ఈ అస్థిరత్వం తగ్గించడానికే 2020 సవరణలో ఒక రిజర్వేషన్ రెండు ఎన్నికలకు ఉండాలన్నారు, 2016 జాబితాతోనే 2020 పోలింగ్ జరిగింది.

నిలబడే వ్యక్తికి 21 ఏళ్ళు నిండాలి. నగరంలో ఎక్కడ ఓటున్నా ఏ వార్డులోనైనా పోటీ చేయొచ్చు, ప్రతిపాదించే వ్యక్తి మాత్రం ఆ వార్డు ఓటరై ఉండాలి. 2020లో డిపాజిట్ జనరల్‌కు 5 వేలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. ఖర్చు పరిమితి 5 లక్షలు. పరిమితి సంగతి అందరికీ తెలిసిందే. తెలియక దెబ్బతినేది లెక్కల సమర్పణలో. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి అనర్హత పడుతుంది, ఓడినవాళ్ళకు కూడా. ఓడాక ఎవరు పట్టించుకుంటారులే అని వదిలేసి తరవాతి ఎన్నికకు దూరమైనవాళ్ళు ప్రతిసారీ తేలుతారు.

చిన్న అచ్చు తప్పు ఎంత దూరం పోతుందో ఆ ఎన్నికలే చూపించాయి. కోవిడ్ వల్ల ఆ ఏడు బ్యాలెట్ పేపరు వాడారు. ఓల్డ్ మలక్‌పేట వార్డులో సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి గుర్తు బదులు సీపీఎం వాళ్ళ సుత్తి కొడవలి నక్షత్రం పడింది. డిసెంబర్ 1 పోలింగ్ రద్దయి 3న మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. నగరంలో మొత్తం పోలింగ్ 46 శాతం దరిదాపుల్లోనే ఆగింది. 2009లో 42, 2016లో 45. సగం మంది రాని ఎన్నికలో గెలుపోటములను తేల్చేది బూత్ దగ్గర నిలబడే మనుషులే.

గెలిచాక కౌన్సిల్‌లో లెక్క వేరు. అక్కడ ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు ఎక్స్‌అఫీషియో, అంటే పదవి రీత్యా సభ్యులు. 2021 ఫిబ్రవరి 11న మేయర్ ఎన్నికకు ఓటర్లు 193 మంది: 149 కార్పొరేటర్లు (ఒక స్థానం ఖాళీ), 44 ఎక్స్‌అఫీషియోలు. టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వార్డులు వచ్చిన సభలో మజ్లిస్ మద్దతుతో బంజారాహిల్స్ కార్పొరేటర్ గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. 2024లో ఆమె కాంగ్రెస్‌లోకి వెళ్ళారు, మేయర్ పదవి నిలిచింది. ఎందుకంటే ఫిరాయింపుల పదో షెడ్యూల్ పార్లమెంటుకు, శాసనసభలకే, కార్పొరేటర్లకు వర్తించదు. మేయర్ ఎన్నికలో పార్టీ ఆదేశం (విప్) ధిక్కరిస్తే మాత్రం సభ్యత్వం పోతుంది, వేసిన ఓటు చెల్లుతుంది. నాలుగేళ్ళ దాకా అవిశ్వాసం పెట్టకూడదన్న గడువు మరో కాపలా. విశాఖలో 98 వార్డులకు వైసీపీ 58 గెలిచి 2021 మార్చిలో మేయర్ పీఠం ఎక్కింది. నాలుగేళ్ళు నిండాక 2025 ఏప్రిల్ 19న అవిశ్వాసానికి ఎక్స్‌అఫీషియోలను కూడా కలిపిన సభలో మూడింట రెండొంతులు, అంటే 74 ఓట్లు కావాలి. సరిగ్గా 74 పడ్డాయి.

ఇంత ఇరుకు పదవి కోసం పోటీ తగ్గకపోవడానికి కారణం అది నిచ్చెన మెట్టు కావడం. సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ 1960లో మల్లేపల్లి నుంచి కార్పొరేషన్‌లో అడుగుపెట్టి, 1962లో అసెంబ్లీకి, 1984లో లోక్‌సభకు వెళ్ళారు. రాజాసింగ్ 2009లో మంగళ్‌హాట్ కార్పొరేటర్ టీడీపీ తరఫున, 2014లో గోషామహల్ ఎమ్మెల్యే బీజేపీ తరఫున. 2012లో మేయరైన మాజిద్ హుస్సేన్ 2023లో నాంపల్లి నుంచి ఎమ్మెల్యే. కరీంనగర్ ఇంకా విడ్డూరం. గంగుల కమలాకర్, బండి సంజయ్ ఇద్దరూ అక్కడి పురపాలికలో కార్పొరేటర్లు. 2014, 2018, 2023 మూడు అసెంబ్లీ ఎన్నికల్లోనూ ఒకరి మీద ఒకరు నిలబడ్డారు, మూడుసార్లూ కమలాకరే గెలిచారు, చివరిసారి తేడా 3,163 ఓట్లు. మధ్యలో 2019లో సంజయ్ ఎంపీ అయ్యారు, 2024లో కేంద్ర సహాయమంత్రి. ఇద్దరికీ పునాది వార్డు స్థాయి పరిచయాలే: ఏ ఇంట్లో పెళ్ళి, ఏ ఇంట్లో చావు, ఏ బూత్‌లో ఏ కులం ఎంత.

అయితే పైకెక్కినవాళ్ళ పేర్లే మనకు గుర్తుంటాయి. ఒక్క గడువుతో ఇంటికెళ్ళినవాళ్ళే చాలా ఎక్కువ. అందుకు పని చేయకపోవడం కన్నా పెద్ద కారణాలు రిజర్వేషన్ మారడం, వార్డు హద్దు జరగడం, ఎమ్మెల్యేతో చెడటం. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే టికెట్ జాబితా ఎమ్మెల్యే చేతి మీదుగానే వెళ్తుంది. పేరున్న కార్పొరేటర్‌ను ఎమ్మెల్యే రేపటి పోటీదారుగా చూస్తారు. అతని వార్డు పనులకు నిధుల దగ్గర మొండిచేయి ఎదురవడం మామూలే.

2025 చివర్లో 27 శివారు మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపి వార్డులను 300 చేశారు. 2021లో కొలువుదీరిన కౌన్సిల్ గడువు 2026 ఫిబ్రవరి 10 వరకే. 2016 రిజర్వేషన్లు రెండు ఎన్నికలు పూర్తిచేసుకున్నాయి కాబట్టి ఎలాగూ మారాల్సినవే, దానికి తోడు వార్డుల గీతలూ మారాయి. పాత వార్డు రెండుగా చీలిన చోట పోటీకి దిగాలనుకునేవాళ్ళు ముందుగా చూసుకోవాల్సింది తమ బూత్‌లు ఏ పక్కకు పోయాయో. ఓటరు జాబితాలో పోలింగ్ స్టేషన్ వారీగా ఇళ్ళ నంబర్లు పట్టుకుని హద్దుల నోటిఫికేషన్‌తో సరిపోల్చాలి. అభ్యంతరాలకు ఇచ్చే రోజులు చాలా తక్కువ, అవి దాటాక కోర్టు తప్ప మరో చోటు ఉండదు.